ఒక్క అబద్ధం కూడా లేని ఈ పేజీ నన్నెలా ఒప్పించింది?

ప్రశ్న – శ్రావణమేఘం

మొన్న రాత్రి పదకొండు దాటాక ఫోన్‌లో ఒక ఆన్‌లైన్ కోర్సు పేజీ చదివి, ఇరవై నిమిషాల్లో మా అమ్మాయి పేరు మీద డబ్బు కట్టేశాను. తెల్లారి చూసుకుంటే అది తనకి అక్కర్లేని కోర్సు. డబ్బు పోయిందన్న బాధ ఉంది. అంతకంటే, అంత తేలిగ్గా ఎలా లొంగిపోయానన్న ఆలోచనే ఎక్కువ తినేస్తోంది. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. "ఇందులో అబద్ధం ఎక్కడుందో చూపించమ్మా" అంది. ఇద్దరం కూర్చుని మళ్లీ చదివాం. ఒక్కటీ దొరకలేదు. అసలు వాక్యాలు ఇవీ:

"మన పిల్లల భవిష్యత్తు మన చేతుల్లోనే ఉంది. ఇప్పటికే వేలమంది తల్లిదండ్రులు మేలుకున్నారు. మీరు ఇంకా ఆలోచిస్తున్నారా? ఈ రాత్రి పన్నెండు దాటితే ఈ అవకాశం చేజారిపోతుంది."

అట్టడుగున చిన్న అక్షరాల్లో: "మా షరతులు వర్తిస్తాయి. చెల్లించిన రుసుము వాపసు ఇవ్వబడదు."

అబద్ధం లేనప్పుడు మరి నన్ను ఒప్పించింది ఏది? భాష మీద పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. మా అమ్మాయికి నేను జవాబు చెప్పాలి.

జవాబు – పాత సబ్ ఎడిటర్

అమ్మా, పద్దెనిమిదేళ్లు పత్రిక డెస్క్ మీద పనిచేశాను. మీరు పెట్టిన వాక్యాల్ని మూడుసార్లు చదివాను. అబద్ధం వెతకడం వల్లే మీకు దొరకలేదు. పని అంతా చిన్న చిన్న మాటల్లో జరిగింది.

మొదటి మాట చూడండి, "మన". తెలుగులో మనం, మేము అని రెండు ఉన్నాయి. ఎదుటివాళ్లని కలుపుకుంటే మనం, వదిలేస్తే మేము. ఆ కోర్సు అమ్మేవాళ్లకీ మీకూ ఉమ్మడిగా పిల్లలు లేరు. అయినా "మన పిల్లలు" అనగానే వాళ్లొచ్చి మీ పక్కన కూర్చున్నారు. ఇప్పుడు అట్టడుగుకి వెళ్లండి. "మా షరతులు". డబ్బు దగ్గరికి వచ్చేసరికి మిమ్మల్ని బయటికి పంపేశారు. నాకైతే ఆ పేజీ మొత్తంలో నిజాయితీగా రాసిన మాట ఆ "మా" ఒక్కటే అనిపించింది.

తర్వాత "మేలుకున్నారు". "చేరారు" అని రాసి ఉంటే అది సమాచారం. మేలుకున్నారు అంటే చేరనివాళ్లు నిద్రపోతున్నట్టే. మిమ్మల్ని ఎవరూ నిందించలేదు, కానీ నింద వచ్చి తగిలింది. పక్కనే "ఇంకా". ఆ మాట తీసేసి చదవండి: "మీరు ఆలోచిస్తున్నారా?" మామూలు ప్రశ్న. "ఇంకా" చేరగానే ఆలోచించడమే తప్పయిపోయింది.

ఒక్క క్రియాపదం మార్చితే ఇంత తేడా వస్తుందా అని అనుమానం రావచ్చు. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే మనస్తత్వ పరిశోధకులు 1974లో అచ్చంగా దీన్నే పరీక్షించారు. కార్లు గుద్దుకున్న ఫిల్మ్ చూపించి, అవి ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థం వచ్చే మాట వాడితే సగటున గంటకు 41 మైళ్ల దాకా చెప్పారు. "తగిలినప్పుడు" అన్నట్టు అడిగితే 32 దగ్గర ఆగారు. మరో విడతలో, ఫిల్మ్ చూపించిన వారం తర్వాత పిలిచి, పగిలిన గాజు కనబడిందా అని అడిగారు. అసలు అందులో గాజు పగలనే లేదు. గట్టి మాటతో ప్రశ్న విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "ఢీకొన్నప్పుడు" అని విన్న 50 మందిలో ఏడుగురే. అంటే ఆ క్రియ వాళ్ల జ్ఞాపకంలోకి గాజుముక్కల్ని తెచ్చి పోసింది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైనది "ఇవ్వబడదు". ఎవరు ఇవ్వరు? అక్కడ మనిషి లేడు. డెస్క్‌లో చేరిన కొత్తలో మా సీనియర్ ఒకాయన నేను రాసిన వార్తలో "ఉద్యోగాలు పోయాయి" అన్నదాని చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, "వాటంతటవే పోయాయా?" అని పక్కన రాశారు. ఆ రోజు నుంచీ ఈ జంటలు నన్ను వదల్లేదు. కూలింది, కూల్చారు. ఆగింది, ఆపారు. పెరిగాయి, పెంచారు. అక్షరం రెండక్షరాలే తేడా. మొదటి రూపంలో అది వానలా, గాలిలా దానంతట అది జరిగిన సంగతి. రెండో రూపంలో చేసినవాడు ఎదురుగా నిలబడతాడు. పాఠకుడికి కోపం రావాలా, నిట్టూర్చి ఊరుకోవాలా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

"చేజారిపోతుంది" కూడా అలాంటిదే, అవకాశం దానంతట అదే జారుతోంది. ఆపేసేది వాళ్లే.

మీ అమ్మాయితో ఒక పని చేయించండి. ప్రతి వాక్యంలోనూ చేసినవాళ్లని వెతికి పెట్టి తిరిగి రాయమనండి.

జవాబు – నీలిగన్నేరు

నాదీ ఇంచుమించు ఇలాంటి అనుభవమే, రెండు నెలల కిందట. ఒకటి అడుగుతాను: డబ్బు కట్టేముందు ఆ ప్రకటన ఎన్నిసార్లు కనబడింది? నాకు వారంపాటు రోజూ కనబడింది. హాషర్, గోల్డ్‌స్టీన్, టొపినో అనే ముగ్గురు పరిశోధకులు 1977లో చూపించారు: రెండేసి వారాల తేడాతో మళ్లీ మళ్లీ ఎదురైన వాక్యాలు, నిజమైనా కాకపోయినా, జనానికి మరింత నిజంగా అనిపించాయి. పరిచయమున్న మాటకి మనసు తలుపు తీసేస్తుంది.

జవాబు – ఎర్రబొట్టు

నేను రక్తదానం కరపత్రాలు రాస్తాను. పాత సబ్ ఎడిటర్ గారి జవాబు చదివాక రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేనూ "మన" అనే రాస్తాను. ఒక పేషెంట్ కథతో మొదలుపెడతాను, లెక్కలతో కాదు. స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ 2007లో చేసిన పరిశోధన కూడా అదే చెప్తుంది. లక్షలమంది ఆకలి లెక్కలు చూపించినప్పటికంటే ఒక్క పాప గురించి చెప్పినప్పుడు జనం ఎక్కువ డబ్బిచ్చారు. పాప కథ పక్కన లెక్కలు కూడా చేర్చితే విరాళం మళ్లీ తగ్గింది.

ఈ ఉపాయాలన్నీ మోసమే అంటే నేను పెన్ను కింద పెట్టేయాలి. అలా అనుకోను. చెప్పేవాళ్ల మీద నమ్మకం, వినేవాళ్ల భావం, వాదనలో తర్కం, ఈ మూడింటితోనే మనిషిని ఒప్పిస్తామని అరిస్టాటిల్ క్రీస్తుపూర్వం నాలుగో శతాబ్దంలోనే చెప్పాడు. రక్తం ఇవ్వమని అడగడానికి భావం లేకుండా ఎలా?

జవాబు – పాత సబ్ ఎడిటర్

ఎర్రబొట్టు గారూ, మీరు పెన్ను దించొద్దు. నా అనుమానం భావం మీద లేదు, తొందర మీద ఉంది. మీ కరపత్రం చదివినవాళ్లు ఇంటికెళ్లి, ఒక రాత్రి ఆలోచించి, డాక్టర్ని అడిగి రావచ్చు కదా. ఆ పేజీ మాత్రం పన్నెండు గంటలకి తలుపు వేస్తానంది. ఆలోచించే సమయాన్ని లాక్కునే వాక్యం కనబడితే నేను మిగతావాటిని కూడా పట్టి పట్టి చదువుతాను.

శ్రావణమేఘం

అందరికీ థాంక్స్. నిన్న సాయంత్రం ఇద్దరం కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాం. మా అమ్మాయి మొదటి వాక్యం ఇలా మార్చింది: "మీ పిల్లల చదువు కోసం మేము ఒక కోర్సు అమ్ముతున్నాం." చివరిది: "మీరు కట్టిన డబ్బు మేము తిరిగి ఇవ్వం." రెండూ పైకి చదివాక కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత మీరెవరూ చెప్పనిది ఒకటి తనే పట్టుకుంది. "అమ్మా, వేలమంది మేలుకున్నారని రాశారు. నేర్చుకున్నారని ఎక్కడా రాయలేదు, చూశావా?"