పది గుంటల్ల గుడ్ల కోసం కోళ్లు పెట్టాల్నా, బాతులు పెట్టాల్నా? (దేవరకొండ దిక్కు మెట్ట జాగ)

దేవరకొండ_గాలి:
అందరికి నమస్తే. పోయిన దసరాకు హైదరాబాద్‌ల కిరాయి ఇల్లు ఖాళీ చేసి ఊరికొచ్చినం. దేవరకొండ అవతల మా నాయిన పంచిచ్చిన చెల్క ఉంది. ఇంటెనుక పది గుంటల చుట్టు జాలి కట్టిచ్చిన. ఇంట్ల ఐదుగురం, రోజుకు ఐదు గుడ్లు కావాలె, మిగిలితే అమ్ముకుంటం. మా అమ్మ నాటుకోళ్లే అంటది. దోస్తు ఒకడు బాతులు పెట్టు, గుడ్లు ఎక్కువొస్తయి అంటడు. బోరు ఉంది గని ఎండకాలం గంటకు మించి పొయ్యదు. భగీరథ నల్ల పొద్దున ఒక్కపూట వస్తది. సాదినోళ్లు చెప్పుండ్రి.

ఎడమకాలువ:
బాతులే పెట్టు తమ్మి. లెక్క చెప్త చూడు. రోజుకు ఐదంటే ఏడాదికి 1825 గుడ్లు. నాటుకోడి ఏడాదికి 60 పెడ్తది, నీకు 30 పెట్టలు కావాలె. రాజేంద్రనగర్ కోళ్ల పరిశోధన సంస్థ తీసిన గ్రామప్రియ అయితే ఇంటికాడ 160, 170 పెడ్తది, 11 పెట్టలు కావాలె. ఖాకీ క్యాంప్‌బెల్ బాతు మంచిగ మేపితే 250 దాటుతది, ఏడు చాలు. గుడ్డు సైజు గూడ చూడు. నాటుకోడిది 40 గ్రాములు, బాతుది 65 నుంచి 70. పైంగ బాతులు తెల్లారుజామున, ఎక్కువల ఎక్కువ తొమ్మిది లోపల పెట్టేస్తయి. అప్పటిదాక గూట్లనే ఉంచి, గుడ్లు ఏరుకోని ఇడిస్తే అయిపాయె. కోడి లెక్క గడ్డివాము కింద, కంపల పొంటి దేవులాడే పని లేదు. మా హాలియా దిక్కు, సాగర్ ఎడమకాలువ కింద, వరి కోసినంక ఆంధ్ర నుంచి బాతుల మందలు తోలుకొస్తరు. రాలిన గింజలు, నత్తలు ఏరుకోని తిని ఎట్ల పెడ్తయో నేను చిన్నప్పటి సంది చూస్తున్న.

మెట్టరైతు:
నాటుకోడికి 60 గుడ్లని ఎవరు చెప్పిన్రన్నా? మా ఇంట్ల ఒక్క పెట్ట దఫాకు 14, 15 పెడ్తది. పొదుగుకు కూసోనియ్యకుంట మళ్లిస్తే ఏడాదికి ఐదారు దఫాలు పెడ్తది. లెక్క నువ్వే చెయ్యి. ఇంకోటి, నీ క్యాంప్‌బెల్ బాతు పొదగదు. గుడ్లు పెట్టుడు తప్ప పిల్లలు తీసుడు దానికి తెల్వదు. ముసలైనంక మళ్ల పైసలు పెట్టి పిల్లల్ని కొనుక్కరావాలె. నాటుపెట్ట అయితే తన పిల్లల్ని తనే తీస్తది, గద్ద వస్తే రెక్కల కింద దాస్తది. మా నాయినమ్మ మూడు పెట్టలతోని మొదలుపెట్టింది, పైసలు పెట్టి కోడిని కొనలే ఎన్నడు.

తవుడు_నూకలు:
బాతు గుడ్డు నీసు వాసనొస్తది. మా పిల్లలు ముట్టరు.

ఎడమకాలువ:
@తవుడు_నూకలు అది బాతు తప్పు కాదు, మేత తప్పు. చేపల చెత్త, కుళ్లిన నత్తలు ఏస్తే వాసనొస్తది. తవుడు, నూకలు, ఆకుకూర, అజొల్లా (నీళ్ల మీద పెరిగే నాచు లెక్కటి మేత) ఏసి చూడు. సొన పెద్దగుంటది, కొవ్వెక్కువ, పులుసు పెడితే కోడిగుడ్డు దాని ముందు ఆగదు.
@మెట్టరైతు పొదగకుంటే ఏమైతది? ఇంట్ల ఒక నాటుపెట్ట పొదుగుకు కూసున్నప్పుడు దాని కింద బాతు గుడ్లు పెట్టు. 21 రోజులకు బదులు 28 రోజులు కూసుంటది, అంతే. 60 మాట సంగతి, కోడి ఎట్ల పెట్టాల్నో నువ్వు చెప్తున్నవు. నేను జనం ఇండ్లల్ల ఎట్ల పెడ్తున్నదో చెప్తున్న. పిల్లల్ని తీసి, వాటితోని రెండు నెలలు తిరిగే కోడి 60 కంటె ఎక్కువ పెట్టదు.

పశువైద్యం_ఆఖరి_ఏడు:
రెండు మాటలు చెప్తా. ఒకటి, కోళ్లను, బాతులను ఒకే గూట్లో పెట్టొద్దు. కొన్ని రోగాలు బాతుల్లో పైకి కనబడవు, కోళ్లకు అంటుకుంటే ఒక్కటి మిగలదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు మన సరిహద్దు దగ్గర కోళ్ల బండ్లు ఆపింది గుర్తుండే ఉంటది. రెండోది, బాతులు పెట్టేవాళ్లు బూజు పట్టిన మక్కలు, పల్లీ చెక్క అసలే వెయ్యొద్దు. ఆ బూజు విషం కోడి కంటే బాతుకు చాలా తొందరగా ఎక్కుతుంది. కోళ్లకు మొదటి వారంలో లసోటా చుక్కలు, నాలుగో వారం మళ్లీ ఒకసారి, ఎనిమిదో వారం ఆర్‌2బి టీకా. ఇవన్నీ కొక్కెర తెగులుకు (రాణిఖెత్) టీకాలే, తప్పితే ఆ తెగులు రానే వస్తుంది.

మెట్టరైతు:
సరే, 60 మాట పక్కకు పెడ్త. అసలు ముచ్చట చెప్పు. బాతుకు చెరువు కావాలె. పది గుంటల మెట్టల చెరువు యాడికెల్లి తెస్తడు?

ఎడమకాలువ:
చెరువు అక్కర్లేదు. ఇది అందరు చేసే తప్పు. ఈత కొట్టకున్నా బాతు గుడ్డు పెడ్తది. ముక్కు, కండ్లు మునిగేటంత లోతు నీళ్లుంటే చాలు, జానెడు లోతు. పెద్ద ప్లాస్టిక్ టబ్బు పెట్టు, అయిపాయె.

మెట్టరైతు:
టబ్బు పెట్టి చూసినవా ఎన్నడన్న? పెట్టిన గంటకు బురద అయితది. మేత నోట్ల పెట్టుకోనొచ్చి నీళ్లల్ల కడుగుతది, పక్కపొంటి నేలంత చిత్తడి చిత్తడి. రెండు పూటల మార్చకుంటే వాసన, ఈగలు. ఇరవై లీటర్ల టబ్బు రెండుసార్లు మారిస్తే రోజుకు నలభై లీటర్లు. మూడు బిందెలు. ఏడు కోళ్లకు ఎండకాలం గూడ మూడు లీటర్ల చిప్ప చాలు.

ఎడమకాలువ:
ఆ నీళ్లు వేస్టు ఎట్లయితయి? వంకాయ చెట్లకు, మునగ చెట్టుకు పొయ్యి. బాతుల నీళ్లు ఎరువు నీళ్లు. మూడు బిందెలకు ఇంత కథ ఏందన్నా? నల్ల ఇప్పితే పది నిమిషాల పని.

మెట్టరైతు:
పది నిమిషాల పని అంటవా. నువ్వు కాలువ గట్టు మీద కూసోని మాట్లాడుతున్నవు.

ఎడమకాలువ:
కాలువ గట్టు మీద పుట్టుడు నా తప్పా? మాది కాలువ చివరి భూమి. నీళ్లొదలక వరి ఎండిపోయిన ఏండ్లు మా ఇంట్ల గూడ ఉన్నయి. బాతుల గురించి అడిగిండు, బాతుల గురించి చెప్తున్న. నీకు కోళ్లంటే మోజుంటే ఉండని, బాతుల మీద అబద్ధాలెందుకు?

మెట్టరైతు:
అబద్ధం అన్నవు కాబట్టి చెప్త, పూర్తిగ చదువు. మాది మర్రిగూడ మండలం. మా ఊరి బోరు నీళ్లు తాగితే పండ్లు పచ్చబడేవి, నడుములు వంగేవి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్ మా బోర్లల్ల దానికి మస్తు ఎక్కువ. 1970లల్ల నాగపూర్ నీరీ (పర్యావరణ పరిశోధన) సంస్థోళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ దించే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పద్ధతి అని మన పేరే పెట్టిన్రు. పేరైతే పెట్టిన్రు, మా అమ్మ మాత్రం ఊరవతలి మంచినీళ్ల బాయికి రోజుకు ఆరు బిందెలకు పోయింది. మోకాళ్లు వంగనప్పుడు గూడ పోయింది. ఇప్పుడు ఆమె మంచం మీదికెల్లి లేవాలంటే నేను పట్టుకోవాలె. ఆమె బిందె దించి, మొదలు కుండ నింపి, అడుగున మిగిలిన నీళ్లు కోళ్ల చిప్పల పోసేది. చుక్క కింద పడితే మమ్మల్ని కొట్టేది. మా ఇంట్ల అట్ల సాదిన కోళ్లు అవి. గట్లాంటి నేల మీద నువ్వు వచ్చి మూడు బిందెలు టబ్బుల పోసి, బురద చేసి, పారబొయ్యుమంటున్నవు. నల్ల వచ్చింది, నిజమే. నల్ల వచ్చినా నాకు చెయ్యి రాదు.

తవుడు_నూకలు:
అన్నా, కండ్లల్ల నీళ్లొచ్చినయి.

నిర్వాహకుడు:
ఇద్దరు అన్నలు జర నిమ్మలంగ మాట్లాడుకోండ్రి. అడిగిన తమ్ముడు చదువుతున్నడు.

ఎడమకాలువ:
అన్నా, అమ్మ సంగతి నాకు తెల్వదు. అబద్ధం అన్న మాట వాపస్ తీసుకుంటున్న. గని నేను బాతులని మొండిగ ఎందుకంటున్ననో గూడ విను. నాలుగేండ్ల కింద 50 గ్రామప్రియ పిల్లల్ని తెచ్చిన. మా ఆడామె గొలుసు కుదువపెట్టిన పైసలు. లసోటా ఏపిచ్చిన, ఎనిమిదో వారం టీకాకు పోతే మందు లేదు, వచ్చే వారం రమ్మన్నరు. వచ్చే వారం పోయేసరికి గూట్ల మెడలు తిరిగిపోయి పడున్నయి. ఆకుపచ్చ రెట్ట. నాలుగు రోజులల్ల 41 పోయినయి. గుంత తీసి సున్నం చల్లి పూడ్చిన. అదే వాకిట్ల పక్కింటోళ్ల బాతులు ఆరు ఉండె, ఒక్కదానికి ఏం కాలే. అప్పటికెల్లి కోడిపిల్ల అరుపు ఇంటే నాకు పాణం ఒణుకుతది. కాబట్టి నాకు నీళ్లు చిన్న ఖర్చు లెక్క కనబడుతది.

పశువైద్యం_ఆఖరి_ఏడు:
అన్నా, మీకు జరిగింది చాలా ఊర్లలో జరుగుతుంది. ఆర్‌2బి సీసా విప్పి కలిపితే రెండు గంటల్లో వాడేయాలి, పది కోళ్లకు సరిపోయేంత చిన్న సీసా మామూలుగా దొరకదు. పది కోళ్లున్న ఒక్క ఇంటి కోసం ఎవరూ సీసా విప్పరు. పది ఇండ్లు కలిసి ఒకే రోజు వేయించుకోవాలి, ఐస్ డబ్బాలో తెచ్చుకోవాలి, సాయంత్రం చల్లబడ్డాక వేయాలి. బాతులకు కొక్కెర తెగులు అంతగా రాదు, నిజమే. వాటికి డక్ ప్లేగు అని వేరే రోగం ఉంది, దానికీ టీకా కావాలి.

పాలమూరు_అక్క:
ఇంత చదివిన, ఒక్కరన్న అడగలే. దేవరకొండ తమ్ముడూ, పొద్దుగాల గూడు ఎవరు తీస్తరు? టబ్బు ఎవరు కడుగుతరు? రాత్రి ముంగిస వచ్చిందని కుక్క మొరిగితే లైటు పట్టుకోని ఎవరు పోతరు? మాది దేవరకద్ర దిక్కు. నేను 12 ఏండ్ల సంది కోళ్లు సాదుతున్న. బాతులు గూడ రెండేండ్లు సాదిన. మా ఆయన తెచ్చిండు, మూడో నెలకెల్లి టబ్బు నాదాయె. కోడిగుడ్డు అమ్మిన పైసలు మా అత్త కాలం నుంచి ఆడోళ్ల కొంగుల ముడే. ఉప్పుకు, బిడ్డ నోటుబుక్కుకు ఎవర్ని అడగకపోయేది. బాతు గుడ్లు అంగట్ల అమ్మితే పైసలు మా ఆయన జేబుల పోయినయి, ఎందుకంటే బాతులు ఆయన తెచ్చిండు. ఇది చిన్న ముచ్చట గాదు. ఏది పెట్టినా ముందుగాల ఆ పైసలు ఎవరివో ఇంట్ల మాట్లాడుకో.

దేవరకొండ_గాలి:
అక్కా, నువ్వు అడిగినంక నాకు సిగ్గైంది. నేను పొద్దున ఏడింటికే బండి తీసి దేవరకొండకు పనికి పోత. నా భార్య బడికి పోతది, పాఠాలు చెప్తది. మిగిలింది అమ్మనే. నిన్న రాత్రి ఇదంత ఫోన్‌ల చదివి వినిపిచ్చిన. మెట్టరైతు అన్న వాళ్ల అమ్మ ముచ్చట కాడ మా అమ్మ ఏం మాట్లాడలే. తర్వాత, "కోళ్లు తెస్తే నేను చూసుకుంట. బాతులు తెస్తే నువ్వు చూసుకో. గుడ్ల పైసలు గూడ అట్లనే" అన్నది.
కాబట్టి ఎనిమిది గ్రామప్రియ, నాలుగు నాటుపెట్టలు, ఒక పుంజు. లెక్క ప్రకారం రోజుకు నాలుగున్నర గుడ్లు, మొదటి ఏడాది అది చాలు. గూడు నేలకు రెండు ఫీట్ల ఎత్తుల కట్టిస్తున్న, కింద సన్న జాలి. కొండమల్లేపల్లి, చింతపల్లి దిక్కు ఎవరన్న కోళ్లు సాదేటోళ్లుంటే చెప్పుండ్రి. ఎనిమిదో వారం సీసా అందరం కలిసి తెద్దాం. మా ఊర్లె ఇప్పటికి మూడిండ్లు ఒప్పుకున్నయి, 35 కోళ్లయితున్నయి.

మెట్టరైతు:
మాయి 22 రాసుకో. మర్రిగూడ దూరమే గని బండి మీద వస్త.

ఎడమకాలువ:
నాకు కోళ్లు లేవు. పెద్ద ఐస్ డబ్బా ఉంది, చేపల కోసం కొన్నది. ఏ రోజో చెప్తే పొద్దుగాలే పోయి మందు తెచ్చి ఇస్త. మందు లేదంటే మాత్రం ఆ రోజు ఆడికెల్లి కదల. ఇంకో మాట, నాటుపెట్ట లెక్క 60 మీదనే పెట్టుకో తమ్మి, ఎక్కువేసుకోకు.

మెట్టరైతు:
80.