శ్రీశైలంలో 854 అడుగుల కింద కరెంటు తీయాలా, నీళ్లు ఆపాలా?

కృష్ణాతీరం: ఏటా వరద రాకముందే ఇదే గొడవ. నిండు మట్టం 885 అడుగులు. రాయలసీమ కాలువలకు నీళ్లిచ్చే పోతిరెడ్డిపాడు తూములకు నీళ్లు సరిగా అందాలంటే 854 దాటాలి. తెలంగాణేమో ఎడమగట్టున 834 దాకా కరెంటు తీస్తానంటుంది. 2002 జాతీయ జలవిధానం తాగునీరు, సాగు, ఆ తర్వాతే జలవిద్యుత్ అంది. మరి ఇంకా వాదన దేనికి?

ఎడమకాలువ_నల్గొండ: మొదటికెళ్లి తీయాలె అన్నా. శ్రీశైలం కట్టిందే కరెంటు కోసం. కృష్ణా నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ దానికి రాసింది ఆవిరి నష్టం కింద 33 టీఎంసీలే, ఆయకట్టు లేదు. 854 అన్నది 2004ల ఉమ్మడి రాష్ట్రం ఇచ్చిన జీవో. అయినా టర్బైన్ల నుంచి పడ్డ నీళ్లు యాడికి పోతయ్? సాగర్‌కే గద.

సీమబిడ్డ: సాగర్‌కు పోయినవి మళ్లీ మా కాలువ ఎక్కుతాయా? చెన్నై తాగునీళ్లు 15 టీఎంసీలు కూడా ఈ తూముల్లోంచే పోవాల. 2021 జూలైలో చూసినాం కదన్నా, సాగర్ కింద ఉండే పులిచింతల డ్యాం కాడ తెలంగాణ కరెంటు తీస్తే ప్రకాశం బ్యారేజీ గేట్లెత్తి సముద్రానికి వదిలినారు.

ఎడమకాలువ_నల్గొండ: అది పులిచింతల ముచ్చట, శ్రీశైలంతోని కలపకు. మీకు గేటు ఎత్తితే పారుతది. మాది ఎత్తు నేల, మోటరు తిరగందే చుక్క ఎక్కది. శ్రీశైలం నీళ్లు మాకు ఎత్తిపోసే కల్వకుర్తి పంపులకు కరెంటు ఎవరిస్తరు?

రిటైర్డ్_డీఈ: లెక్క వేద్దాం. శ్రీశైలంలో ఒక టీఎంసీ కిందికి పడితే వచ్చేది 55, 60 లక్షల యూనిట్లు. అదే టీఎంసీని 100 మీటర్లు ఎత్తిపోయడానికి 95 లక్షల దాకా కావాలి. అంటే టర్బైన్‌లో పోసి, ఆ కరెంటుతోనే నీళ్లు తోడుకోవడం మొదట్నుంచీ నష్టబేరం. 834కూ 854కూ మధ్య ఉన్నవి సుమారు 35 టీఎంసీలు, అంటే 20 కోట్ల యూనిట్ల చుట్టూ. యూనిట్ 5 రూపాయలనుకుంటే 100 కోట్లు. రెండు రాష్ట్రాలకు అది పెద్ద సొమ్మేం కాదు. కరెంటు బయట కొనొచ్చు, నీళ్లు ఏ మార్కెట్లోనూ దొరకవు. కాబట్టి ఆ నీళ్లు ఆపి, ఆపినందుకు తెలంగాణకు కరెంటు రూపంలో ఆంధ్ర చెల్లించాలి. సీమవాళ్లూ ఉచితంగా అడగకండి, మీ హంద్రీ-నీవా ఎత్తిపోతల పథకం నడిచేదీ మోటార్ల మీదే.

సీమబిడ్డ: కరెంటిస్తే సరే సార్, నాకైతే ఇష్టమే. రెండు రాష్ట్రాలుండే కృష్ణా బోర్డులో కూర్చొని ఆ మాట ఎవురంటారు?

కృష్ణాతీరం: ఎడమగట్టున ఉన్న ఆరు 150 మెగావాట్ల యూనిట్లు నీళ్లు వెనక్కి తోడే రకమే కదా. మధ్యాహ్నం మిగిలే సోలార్ కరెంటుతో సాగర్ నుంచి ఎక్కించి, సాయంత్రం వదిలితే?

ఎడమకాలువ_నల్గొండ: తోడాలంటే కింద సాగర్ల నీళ్లుండాలె. ఈ కొట్లాట వచ్చేదే సాగర్ అడుగంటినప్పుడు.