పాత పుస్తకాల్ని ఈబుక్కులుగా తేవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

బెజవాడ_బైండింగ్:
మాది విజయవాడలో చిన్న ప్రచురణ సంస్థ, నాన్నగారు మొదలుపెట్టింది. ముప్ఫై టైటిల్స్ దాకా అచ్చులో లేవు, మళ్లీ వెయ్యి కాపీలు వేస్తే చెదలకి మేతే. తెలుగు ఈబుక్కులమ్మే సైటు కినిగె వచ్చినప్పుడే ఈబుక్కులు చేద్దామనుకుని బద్ధకించాం. ఇప్పుడు డాలస్ నుంచి, న్యూజెర్సీ నుంచి అడుగుతున్నారు. ఫైళ్లన్నీ పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, యూనికోడ్ కాని అను ఫాంట్లలో ఉన్నాయి. పీడీఎఫ్ చేసి పెట్టేస్తే సరిపోతుందా, రేటెంత పెట్టాలి? వాట్సాప్‌లో తిప్పేస్తారని నాన్నగారికి ఒకటే టెన్షన్.

డీటీపీ_సుబ్బు:
పీడీఎఫ్ వద్దండీ, ఫోన్‌లో అటూ ఇటూ జరుపుకుంటూ ఎవరూ చదవరు. యూనికోడ్‌లోకి, అంటే ఏ ఫోన్‌లోనైనా కనిపించే అక్షరాల్లోకి మార్చి, ఈపబ్ (తెర సైజుకి తగ్గట్టు అక్షరాలు సర్దుకునే ఈబుక్ ఫైలు) చేయించండి. అమెజాన్ వాళ్ల కిండిల్ 2016 డిసెంబర్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం తెచ్చింది, మనల్ని వదిలేసింది, అందుకే నేను గూగుల్ ప్లేతో మొదలుపెట్టా. ఖర్చంతా ప్రూఫులోనే ఉంది. కన్వర్టర్ ఐదు నిమిషాల్లో పని కానిచ్చేస్తుంది గానీ ‘స్త్రీ’ వచ్చిన ప్రతిచోటా వత్తులు చెల్లాచెదురు, ‘చెప్పు-కోవాలని’ అంటూ పాత లైను చివరి గీతలు వాక్యం నడుమ తేలతాయి. నేను ప్రూఫు చూడకుండా ఒకటి ఎక్కించి, రచయిత చేత చీవాట్లు తిన్నా.

కాపీహక్కు:
అసలు హక్కులున్నాయా మీకు? కాపీరైట్ చట్టానికి 2012లో వచ్చిన సవరణ తర్వాత, ఒప్పందం నాటికి వాడుకలో లేని మాధ్యమం హక్కు దాని పేరు పెట్టి రాసుకుంటే తప్ప మీకు రాదు. గడువు రాయకపోతే ఐదేళ్లే లెక్క. ఏ దేశాల్లో అమ్మాలో రాయకపోతే భారతదేశం వరకే, మీ గిరాకీ ఏమో డాలస్‌లో ఉంది!

బెజవాడ_బైండింగ్:
ఒప్పందమా! మా దగ్గరున్నది ఒక పోస్టుకార్డు, ‘మీ ఇష్టం, వేసుకోండి’ అని.

కాపీహక్కు:
అయితే రచయితల వారసుల్ని వెతికి కొత్త కాగితం రాయించుకోండి.

రాత్రిబండి:
పైరసీ గురించి బెంగ అనవసరం బ్రదర్. పాత పుస్తకాల స్కాన్లు టెలిగ్రామ్‌లో బోలెడు తిరుగుతున్నాయి, మొన్న ఒకదాంట్లో పేజీ సగం ఎవరి బొటనవేలో కప్పేసింది, అయినా జనం అదే చదువుతున్నారు. అచ్చులోనే లేని పుస్తకానికి ఈబుక్ వల్ల పోయే అమ్మకమేముంది? రూపాయల్లో అచ్చు ధరకి సగం పెట్టి, డాలర్ల రేటు విడిగా పెట్టండి. కొత్త పుస్తకాలైతే మాత్రం అచ్చయ్యాక ఆర్నెల్లు ఆగి ఈబుక్ తెండి.

డీటీపీ_సుబ్బు:
ఆర్నెల్లు ఎందుకాగాలి? ఆలోగా ఆ బొటనవేలి స్కాన్ వచ్చేస్తుంది కదా.

బెజవాడ_బైండింగ్:
సరే, వారసులు మా ఊళ్లోనే ఉన్న మూడు పుస్తకాలతో మొదలుపెడతా. ప్రూఫు చూసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, పేజీకి ఇంత అని ఇస్తాం.