జర్మనీలో సెకండ్ హ్యాండ్ బీఎండబ్ల్యూ ఎం2: తొలి మోడల్ కొనాలా, కాంపిటిషన్ కొనాలా?

ప్రశ్న: ఇసార్ ఒడ్డు (మ్యూనిఖ్)

అందరికీ నమస్కారం. నేను మ్యూనిఖ్ శివార్లలో ఉంటాను. జర్మన్ లైసెన్సు ఉంది కానీ ఇంతవరకు నడిపినది ఒక మామూలు డీజిల్ స్టేషన్ వాగన్ మాత్రమే. దాన్ని అమ్మేసి, ఎఫ్87 తరం బీఎండబ్ల్యూ ఎం2 కొనాలన్న ఆలోచన చాలా కాలంగా మనసులో ఉంది. ప్రస్తుతం రెండు కార్లు నా దృష్టిలో ఉన్నాయి. ఒకటి 2017 నాటి తొలి ఎం2: ఎన్55 ఇంజను, ఆరు గేర్ల మాన్యువల్. రెండోది 2019 నాటి ఎం2 కాంపిటిషన్: ఎస్55 ఇంజను, ఏడు గేర్ల డబుల్ క్లచ్ ఆటోమేటిక్. ధరలో తేడా బాగానే ఉంది కానీ ఆ తేడా భరించలేనంతేమీ కాదు.

కారును ఎండాకాలంలో షికారుకే పరిమితం చేసే ఉద్దేశం నాకు లేదు. ఆఫీసుకు వెళ్లాలి, మా పాపను బడి దగ్గర దింపాలి, సెలవుల్లో ఆల్ప్స్ వైపు వెళ్లి రావాలి. ఈ అవసరాలకు రెండింటిలో ఏది మేలు? కొనే ముందు ఏమేమి చూడాలి? పన్ను, బీమా ఖర్చు ఎలా ఉంటుంది? సొంతంగా నడుపుతున్నవారు, నడిపి అమ్మేసినవారు చెబితే ఎక్కువ ఉపయోగం.

జవాబు 1: వంపుదారి (స్టుట్‌గార్ట్)

ఇసార్ ఒడ్డు గారూ, నా దగ్గర ఉన్నది మీరు చెప్పిన మొదటి రకమే, అదీ మాన్యువలే. కాబట్టి నా మాటల్లో కొంత పక్షపాతం ఉంటుందనుకునే చదవండి.

ఈ రెండింటినీ పోల్చేటప్పుడు అందరూ హార్స్‌పవర్ చూస్తారు గానీ, రోజూ నడిపేవారికి అంతకంటే ముఖ్యమైనది టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం, ఇంజను ఏ వేగంలో ఉండగా అందుతుందన్నది. తొలి ఎం2లోని ఒంటి టర్బో ఎన్55 ఇంజను 370 హార్స్‌పవర్ ఇస్తుంది, దాని 465 న్యూటన్ మీటర్ల టార్క్ 1,400 ఆర్‌పీఎం నుంచే అందుతుంది. కాంపిటిషన్‌లో ఉన్నది ఎం3, ఎం4 కార్ల నుంచి వచ్చిన జంట టర్బోల ఎస్55. దానికి 410 హార్స్‌పవర్, 550 న్యూటన్ మీటర్లు ఉన్నా, ఆ పూర్తి టార్క్ 2,350 దగ్గర మొదలవుతుంది, అసలు ఉత్సాహమంతా 7,600 రెడ్‌లైన్‌కు చేరువయ్యే కొద్దీ బయటపడుతుంది. ఊరి బయట 100 కిలోమీటర్ల పరిమితి ఉన్న రెండు వరుసల దారిలో, ట్రాక్టరును దాటడానికి మూడో గేరులో కాలు నొక్కినప్పుడు, తొలి ఎం2 ఏమాత్రం తక్కువ కారు అనిపించదు. దానికి తోడు, ఐరోపాలో అమ్మిన కాంపిటిషన్ కార్లకు పొగలోని మసిని ఆపే పెట్రోలు పార్టికల్ ఫిల్టరు ఉంటుంది, అది శబ్దాన్ని కాస్త అణచివేస్తుంది. తొలి ఎం2కు అది లేదు. ఆ తేడా చెవికి తెలిసిపోతుంది.

ఇక చూడవలసిన వాటి సంగతి. మీరు వచ్చేసరికి ఇంజనును వేడి చేసి ఉంచవద్దని అమ్మే వ్యక్తికి ముందే చెప్పండి. వెళ్లగానే బానెట్ తెరిచి, ఇంజను ముందు భాగంలో ఆయిల్ ఫిల్టరు హౌసింగ్ బ్లాకును కలిసే చోట వేలు పెట్టి తుడిచి చూడండి. అక్కడి గాస్కెట్ కాలక్రమేణా గట్టిపడి నూనె కారడం ఎన్55లో అందరికీ తెలిసిన విషయమే. చిన్న లీకే కదా అని వదిలేస్తే ఆ నూనె కింద ఉన్న బెల్టు మీద పడుతుంది. నూనె తాగిన బెల్టు చిరిగి, దాని పీలికలు క్రాంక్ సీలులోకి దూరితే ఇంజనుకే ముప్పు. అలాగే వాల్వ్ కవరు గాస్కెట్ కారుతుంటే, కారు వేడెక్కాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కాలిన నూనె వాసన వస్తుంది. అందుకని టెస్ట్ డ్రైవ్‌ను పది నిమిషాల్లో ముగించకుండా కనీసం అరగంట నడపండి. ఇంటర్‌కూలర్ నుంచి ఇంజనుకు గాలిని చేర్చే ప్లాస్టిక్ గొట్టం కూడా బలహీనమైనదే. సాఫ్ట్‌వేర్‌తో బూస్ట్ పెంచిన కార్లలో అది పగలడం మామూలు.

ఎస్55 విషయంలో ఎక్కువగా వినిపించేది క్రాంక్ హబ్ గొడవ. టైమింగ్ చైన్‌ను తిప్పే పళ్లచక్రం క్రాంక్ మీద కీ లేకుండా, మధ్య బోల్టు బిగింపు వల్ల కలిగే రాపిడితోనే నిలుస్తుంది. అది జారితే వాల్వుల టైమింగ్ తప్పిపోతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్న కార్లలో ఇది అరుదు. టార్క్ విపరీతంగా పెంచిన కార్లలో, అందులోనూ డబుల్ క్లచ్ వాటిలో, ఎక్కువగా వినపడుతుంది.

రెండింటికీ వర్తించేది ఇంకొకటి ఉంది, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే. కొత్త ఎం కారుకు 2,000 కిలోమీటర్ల దగ్గర రన్నింగ్-ఇన్ సర్వీసు చేసి ఇంజను ఆయిలు, డిఫరెన్షియల్ ఆయిలు మార్చాలి. అది జరిగినట్టు రికార్డు చూపించమనండి. ఆ ఒక్క నమోదు లేకపోతే, మొదటి యజమాని మిగతా విషయాల్లో కారును ఎలా చూసుకుని ఉంటాడో ఊహించుకోవచ్చు. ఇంజను పేరు చూసి కాకుండా చరిత్ర చూసి కొనండి.

జవాబు 2: రైన్‌ల్యాండ్ రాజు (కొలోన్)

వంపుదారి గారి చివరి మాటతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, మిగతా వాటితో సగమే. నేను రెండూ నడిపాను, ఇప్పుడు నా దగ్గర ఉన్నది కాంపిటిషన్. తొలి ఎం2లో స్టీరింగ్ మధ్య భాగంలో ఉండే కొద్దిపాటి అస్పష్టత ఇందులో లేదు. ఇంజను గదిలో అడ్డంగా బిగించిన కార్బన్ ఫైబర్ బ్రేసు అందుకు ఒక కారణం కావచ్చు. స్టీరింగ్ మీది ఎం1, ఎం2 మీటలకు మనకు కావలసిన సెట్టింగులను కేటాయించుకోవచ్చు. నేను ఒకదానికి స్టీరింగ్ కంఫర్ట్, ఇంజను స్పోర్ట్ పెట్టుకున్నాను, వాడేది కూడా దాదాపు అదొక్కటే. కొన్ని కార్లకు ముందు 400 మిల్లీమీటర్ల డిస్కులు, ఆరు పిస్టన్ల కాలిపర్లతో పెద్ద బ్రేకులు ఆప్షన్‌గా వచ్చాయి. అయితే అవి ఉన్న కారుకు 18 అంగుళాల చక్రాలు పట్టవు, చలికాలపు టైర్లను కూడా 19లోనే కొనాలి. ఆ ఖర్చు ముందే లెక్క వేసుకోండి.

రోజువారీ సౌకర్యం గురించి ఎవరూ చెప్పనిది చెబుతాను. ఎఫ్87లో వెనుక చక్రాలను మోసే సబ్‌ఫ్రేమ్‌ను మధ్యలో రబ్బరు బుష్షులు లేకుండా నేరుగా బాడీకి బిగించారు, మీరు చూస్తున్న రెండు మోడళ్లలోనూ రోడ్డును బట్టి మెత్తబడే అడాప్టివ్ డాంపర్లు కూడా లేవు. వేగంగా వెళ్లేటప్పుడు వెనుక చక్రాలు ఏం చేస్తున్నాయో నడుముకు తెలిసిపోవడానికి కారణం ఇదే, ఊళ్లో ట్రామ్ పట్టాల మీద విసుగు పుట్టించేదీ ఇదే. వెనుక సీట్లు రెండే, వాటికి పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ కొక్కేలు ఉన్నాయి. పాప ముందుకు చూసి కూర్చునే వయసులో ఉంటే ఇబ్బంది పాపకు ఉండదు, వంగి బెల్టు పెట్టే పెద్దవారి నడుముకే ఉంటుంది. సామాను గది 390 లీటర్లు, పర్వాలేదు. పెట్రోలు ట్యాంకు మాత్రం 52 లీటర్లే, ఆటోబాన్ మీద కొంచెం ఉత్సాహం చూపిస్తే ముల్లు కళ్లముందే దిగిపోతుంది.

చలికాలం గురించి: ఈ కారు వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2,693 మిల్లీమీటర్లు మాత్రమే, శక్తి అంతా వెనుక చక్రాలకే వెళుతుంది. ఏడు డిగ్రీల లోపు, తడి రోడ్డు మీద, వేసవి టైర్లతో రౌండ్ అబౌట్ నుంచి బయటికి వచ్చేటప్పుడు కాలు కాస్త గట్టిగా నొక్కితే వెనుక భాగం పక్కకు తిరగడానికి సిద్ధంగా ఉంటుంది. మంచులోనూ మంచుగడ్డ మీదా శీతాకాలపు టైర్లు జర్మనీలో చట్టరీత్యా తప్పనిసరి. 2024 అక్టోబరు నుంచి పర్వతం, మంచుపూవు గుర్తు ఉన్నవే చెల్లుతాయి. మంచి టైర్లు వేస్తే మ్యూనిఖ్ చలికాలాన్ని ఈ కారు సులువుగానే దాటుతుంది. మీ అలవాటు డీజిల్ వాగన్ కాబట్టి, మొదటి చలికాలం స్టెబిలిటీ కంట్రోల్‌ను (కారు జారిపోకుండా ఆపే వ్యవస్థను) ఆపే జోలికి వెళ్లకండి.

జవాబు 3: పద్దుల పుస్తకం (ఫ్రాంక్‌ఫర్ట్)

డబ్బు లెక్కలు నేను చెబుతాను. రెండు ఇంజన్లూ 2,979 సీసీవే కాబట్టి సీసీ మీద పన్ను రెండింటికీ 60 యూరోలు. తేడా కార్బన్ డయాక్సైడ్ దగ్గర వస్తుంది: 95 గ్రాముల పైన ప్రతి గ్రాముకు రెండు యూరోలు. తొలి ఎం2 మాన్యువల్‌కు పాత పద్ధతిలో 199 గ్రాములు, అంటే మరో 208 యూరోలు, మొత్తం ఏడాదికి 268. 2018 సెప్టెంబరు 1 నుంచి తొలిసారి రిజిస్టర్ అయిన కార్లకు కొత్త డబ్ల్యూఎల్‌టీపీ పద్ధతిలో కొలిచిన అంకెను తీసుకుంటారు. అందువల్ల 2019 కాంపిటిషన్ పన్ను 300 దాటుతుంది. ఈ స్థాయి కారు కొనేవారికి ఇది పెద్ద తేడా కాదు.

అసలు ఖర్చు బీమా. మీ ఎస్ఎఫ్ తరగతి, అంటే ప్రమాదం చేయకుండా గడిపిన ఏళ్లు, తక్కువైతే ఫోల్‌కాస్కో (మన కారు నష్టానికి కూడా చెల్లించే పూర్తి బీమా) ప్రీమియం చూసి కళ్లు తిరుగుతాయి. కారు ఎంచుకున్నాక కాదు, ఎంచుకోకముందే కొటేషన్లు తెప్పించుకోండి. రెండో కారుగా ఉంచుకునేవారు సీజన్ నంబరు ప్లేటు తీసుకుని ఆ నెలలకే పన్ను, బీమా కట్టవచ్చు కానీ మిగతా నెలల్లో కారును వీధిలో నిలపడానికి కూడా వీల్లేదు. మీకు ఇదొక్కటే కారు కాబట్టి ఆ దారి కుదరదు.

ఎం2 కొన్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు న్యూర్‌బర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ ఆలోచన వస్తుంది, అందుకే ఇప్పుడే చెప్పేస్తున్నాను. అక్కడి 20.8 కిలోమీటర్ల నార్డ్‌ష్లైఫె ట్రాక్ మీద టూరిస్టు ల్యాపులు తిప్పడం వేరు, బీమా పత్రంలోని షరతులు వేరు. చాలా కంపెనీలు అక్కడ జరిగే నష్టాన్ని ఫోల్‌కాస్కో నుంచి మినహాయిస్తాయి. గార్డ్ రైలుకు తగిలితే దాని మరమ్మత్తు బిల్లు కూడా వస్తుంది. ఆటోబాన్ మీద పరిమితి లేని చోట కూడా 130 అన్నది సిఫారసు చేసిన వేగం. అంతకంటే వేగంగా వెళుతుండగా ప్రమాదం జరిగితే, తప్పు అవతలివారిదే అయినా కొంత బాధ్యత మన మీద పడవచ్చని 1992లోనే అత్యున్నత న్యాయస్థానం తీర్పు ఉంది. మ్యూనిఖ్ వారు తరచుగా ఆస్ట్రియా వెళతారు కదా: అక్కడ 2024 మార్చి నుంచి విపరీత వేగానికి కారునే స్వాధీనం చేసుకుని వేలం వేసే అధికారం ఇచ్చారు.

జవాబు 4: ఔటర్ రింగు (హైదరాబాద్)

ఒక్క విషయం. రేపు ఎప్పుడైనా తిరిగి వచ్చేటప్పుడు కారును కూడా ఇంటికి తెచ్చుకుందామన్న ఆశ ఉంటే ఇప్పుడే వదిలేయండి. సెకండ్ హ్యాండ్ కారును భారత్‌కు దిగుమతి చేసుకోవాలంటే అది మూడేళ్ల లోపుదై, కుడి వైపు స్టీరింగ్ కలిగి ఉండాలి. మీరు చూస్తున్న రెండూ ఆ రెండు షరతుల్లోనూ పోతాయి. ఇక్కడ ఈ కోరిక ఉన్నవారికి దారి తర్వాతి తరం (జీ87) ఎం2. 2023లో అది 98 లక్షల ఎక్స్ షోరూమ్ ధరకు వచ్చింది. మన ఔటర్ మీద పరిమితి 120, కాబట్టి మీరు అక్కడ ఉండగా అక్కడి రోడ్ల మీద నడుపుకోవడమే మేలు.

ఇసార్ ఒడ్డు

అందరికీ ధన్యవాదాలు. రెండు కార్లూ చూసి వచ్చాను. కాంపిటిషన్ బాగుంది కానీ దానికి సాఫ్ట్‌వేర్ మార్చి, మళ్లీ పాతది ఎక్కించినట్టు అమ్మే వ్యక్తే మాటల్లో చెప్పేశాడు. దాన్ని వదిలేశాను. 2017 మాన్యువల్‌కు రన్నింగ్-ఇన్ సర్వీసు సహా రికార్డు అంతా ఉంది. అయితే ఆయిల్ ఫిల్టరు హౌసింగ్ దగ్గర వేలికి నూనె తగిలింది. పైగా సైలెన్సరు కంపెనీది కాదు, దాని కాగితాలు లేవు. అమ్మేది డీలరు కాదు, సొంతదారే. ఈ రెండు లోపాల వల్ల వెనక్కి తగ్గాలా?

వంపుదారి

వెనక్కి తగ్గనక్కర లేదు, కానీ రెండింటినీ ఒకే తక్కెడలో వేయకండి. గాస్కెట్ ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. స్వతంత్ర గ్యారేజీ నుంచి రాతపూర్వక అంచనా తెప్పించి అంత మొత్తం ధరలో తగ్గించమనండి. బెల్టుకు నూనె అంటి ఉంటే అదీ ఆ అంచనాలోనే చేర్చాలి. సైలెన్సరు సంగతి వేరు. ఆమోద పత్రం గానీ, కారు కాగితాల్లో నమోదు గానీ లేని సైలెన్సరుతో నడిపితే కారు రోడ్డు అనుమతే రద్దయ్యే ప్రమాదం ఉంది. రెండేళ్లకోసారి జరిగే తనిఖీలో పాస్ అవదు, బీమా కంపెనీకి కూడా సాకు దొరుకుతుంది. అసలు సైలెన్సరు ఆయన దగ్గరే ఉందేమో అడగండి. చాలామంది దాచుకుంటారు. ఉంటే బిగించి ఇమ్మనండి, లేకపోతే కొత్తదాని ధర కనుక్కుని బేరం అక్కడి నుంచి మొదలుపెట్టండి.

సొంతదారు అమ్మేటప్పుడు ఒప్పందంలో లోపాల బాధ్యత తనది కాదని రాసుకుంటాడు, చట్టం దాన్ని అనుమతిస్తుంది. డీలరు దగ్గరైతే కనీసం ఒక ఏడాది బాధ్యత ఉండేది. అందుకని సంతకానికి ముందు కారును ట్యూఫ్‌కో డెక్రాకో (వాహనాలను తనిఖీ చేసే సంస్థలు) తీసుకెళ్లి సెకండ్ హ్యాండ్ చెక్ చేయించండి. కారును లిఫ్టు మీద ఎత్తినప్పుడు మీరూ కిందికి వెళ్లి, వెనుక టైర్ల లోపలి అంచులు చూడండి. బయటి అంచు బాగుండి లోపలి అంచు అరిగి ఉంటే అలైన్‌మెంట్ కూడా చేయించాల్సి ఉంటుంది. ప్రమాదం జరగలేదు, సాఫ్ట్‌వేర్ మార్చలేదు అన్న రెండు వాక్యాలను ఆయన చేత ఒప్పందంలో రాయించండి. రాయడానికి తటపటాయిస్తే, అక్కడికక్కడే నమస్కారం పెట్టి వచ్చేయండి.