7-1 నుంచి 8-5కి: 2024 సీజన్‌లో మన ఆగీస్‌కి అసలు ఎక్కడ తేడా కొట్టింది?

గోదారిగట్టు:
ముందే చెప్తున్నా, ఇది అమెరికన్ ఫుట్‌బాల్ గురించి. నేను టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలో మాస్టర్స్ రెండో ఏడు, ఆగీస్ అంటే మా యూనివర్సిటీ టీమే. వచ్చిన కొత్తలో నాకు డౌన్ (పది యార్డులు ముందుకెళ్లడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో ఒకటి) అంటే ఏంటో కూడా తెలీదు, ల్యాబ్‌లో సీనియర్ అన్న ఒకాయన స్టూడెంట్ టికెట్లు తీసుకునే లైన్లో తనతో పాటు నిలబెట్టి కైల్ ఫీల్డ్‌కి తీసుకెళ్లాడు. లక్ష మందికి పైగా పట్టే స్టేడియం, స్టూడెంట్స్ వైపు ఆట అయ్యేదాకా ఎవరూ కూర్చోరు, కాళ్లు పీకేస్తున్నా నిలబడే చూడాలి. ఆ రోజు నుంచి ఈ టీమ్ నాది అయిపోయింది.

2024 సీజన్ ఎలా నడిచిందో మీకు తెలుసు. మైక్ ఎల్కో కొత్త కోచ్, మొదటి మ్యాచ్‌లోనే నోటర్‌డామ్ చేతిలో 23-13తో ఓడాం, తర్వాత వరసగా ఏడు గెలిచాం. మిజోరీని 41-10తో ఉతికారు. అక్టోబర్ 26 ఎల్ఎస్‌యూ మ్యాచ్ అయితే చెప్పక్కర్లేదు, సగానికి 17-7తో వెనకబడి ఉంటే మూడో క్వార్టర్‌లో క్వార్టర్‌బ్యాక్ (బంతి అందుకుని ఆట నడిపేవాడు) వీగ్‌మన్‌ని తీసేసి మార్సెల్ రీడ్‌ని దింపారు, ఆ కుర్రాడు మూడు టచ్‌డౌన్లు (బంతితో గోల్‌లైన్ దాటడం) పరిగెత్తి కొట్టాడు, 38-23. ఆ రాత్రి గొంతు పోయి మర్నాడు ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ జలుబు చేసిందా అని కంగారు పడింది. అక్కడికి 7-1, అంటే ఏడు గెలుపులు, ఒక ఓటమి. నోటర్‌డామ్ మన ఎస్ఈసీ కాన్ఫరెన్స్ (లీగ్) టీమ్ కాదు కాబట్టి, ఎస్ఈసీ మ్యాచ్‌లలో అప్పటికి ఒక్క ఓటమీ లేనిది మనమే.

ఆ తర్వాత ఐదు మ్యాచ్‌లలో ఒక్కటే గెలుపు. అదీ న్యూ మెక్సికో స్టేట్ మీద. సౌత్ కరోలినా, ఆబర్న్, టెక్సాస్, చివరికి లాస్ వేగాస్ బౌల్‌లో (సీజన్ ఆఖర్లో ఆడే మ్యాచ్) యూఎస్‌సీ, అన్నీ పోయాయి. క్వార్టర్‌బ్యాక్‌ని మార్చడమే కొంప ముంచిందా? రీడ్ పరుగు బాగుంది గానీ పాసింగ్‌కి ఇంకా టైమ్ పడుతుంది కదా, వీగ్‌మన్‌నే ఉంచాల్సిందా? నాకు అర్థం కావట్లేదు, చాన్నాళ్లుగా చూస్తున్నవాళ్లు చెప్పండి.

కాటీ బాబాయ్:
తమ్ముడూ, నేను ఈ టీమ్‌ని బిగ్ 12 కాన్ఫరెన్స్‌లో ఉన్న రోజుల నుంచి చూస్తున్నా. 1998లో కాన్ఫరెన్స్ టైటిల్ కొట్టాం, మళ్లీ ఇప్పటిదాకా ఒక్కటి లేదు, కాబట్టి నీ బాధ నాకు బాగా తెలుసు.

క్వార్టర్‌బ్యాక్ విషయంలో మాత్రం నీతో ఒప్పుకోను. నోటర్‌డామ్ మీద వీగ్‌మన్ 30 పాసులు వేస్తే 12 చేరాయి, వంద యార్డులు, రెండు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్లు పట్టేసిన పాసులు). ఎల్ఎస్‌యూ మ్యాచ్‌లో అతన్ని అలాగే ఉంచి ఉంటే అదీ పోయేది. తేడా కొట్టింది బంతి పట్టుకుని పరిగెత్తే మన రన్నింగ్ బ్యాక్ లెవియాన్ మాస్ మోకాలి దగ్గర. అప్పటికి 765 యార్డులు, పది టచ్‌డౌన్లు అతనివి, సౌత్ కరోలినా మ్యాచ్‌లో పడ్డాక మళ్లీ ఈ సీజన్‌లో లేవలేదు. ఇంకో రన్నింగ్ బ్యాక్ రూబెన్ ఓవెన్స్ ఆగస్టు ప్రాక్టీస్‌లోనే గాయపడి బయట కూర్చున్నాడు. మాస్ గుద్దుకుంటూ ఐదేసి యార్డులు తెస్తుంటే రెండో డౌన్‌కి ఐదే మిగిలేది, అప్పుడు రీడ్ బంతి ఇచ్చేస్తాడా, ఉంచుకుంటాడా, విసురుతాడా అని డిఫెన్స్ వాళ్లకి టెన్షన్. మాస్ గాయంతో దూరమయ్యాక మూడో డౌన్‌కి ఎనిమిదీ తొమ్మిదీ మిగలడం మొదలైంది, పాసే వస్తుందని స్టేడియం మొత్తానికీ తెలుసు, పంతొమ్మిది ఇరవయ్యేళ్ల కుర్రాడు ఏం చేస్తాడు?

టెక్సాస్ మ్యాచే చూడు. 2011 తర్వాత మొదటిసారి తలపడ్డాం, గెలిచినవాళ్లు ఎస్ఈసీ ఫైనల్‌కి. 17-7తో ఓడాం, ఆ ఏడు పాయింట్లు కూడా డిఫెన్స్ ఇంటర్‌సెప్ట్ చేసి 93 యార్డులు పరిగెత్తి తెచ్చినవి, మన అఫెన్స్ చేసింది సున్నా. నాలుగో క్వార్టర్‌లో గోల్‌లైన్ ముందు నాలుగో డౌన్, ఒక్క యార్డు కావాలి. రాలేదు. మాస్ ఉంటే వచ్చేదని నేను చచ్చేదాకా అంటాను.

ఫ్రిస్కో నుంచి:
బాబాయ్ గారూ, మాస్ మాట నిజమే, కానీ డిఫెన్స్‌ని అంత తేలిగ్గా వదిలేయకండి. సౌత్ కరోలినా మన మీద 44 కొట్టింది, రెండో సగంలో మనకి ఒక్క పాయింట్ రాకపోవడం ఒక ఎత్తు, వాళ్లని అసలు ఆపలేకపోవడం ఇంకో ఎత్తు. ఆబర్న్ 43, యూఎస్‌సీ 35. బౌల్ గేమ్‌లో మూడో క్వార్టర్‌లో 24-7తో ముందున్నాం అండీ, ఎనిమిది సెకన్లు మిగిలుండగా వాళ్లు టచ్‌డౌన్ కొట్టి 35-31తో లాక్కున్నారు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ టీమ్‌లు కుర్రాళ్లని ఎంచుకునేది) చూసుకుని మన డిఫెన్స్ ముందు వరసలోని మెయిన్ లైన్‌మెన్ ఆడలేదు సరే, వాళ్ల వెనక ఎవరున్నారు? 2024 ఐపీఎల్‌లో మన సన్‌రైజర్స్ ఏప్రిల్‌లో 287 కొట్టి, ఫైనల్‌లో 113కి ఆలౌట్ అయినప్పుడు ఎంత ఏడుపొచ్చిందో, యూఎస్‌సీ ఆ చివరి టచ్‌డౌన్ కొట్టినప్పుడూ అంతే వచ్చింది.

బెజవాడ బుల్లోడు:
అన్నా, మా అక్క అక్కడే చదువుతోంది, తన కోసం ఫాలో అవుతున్నా. ఆబర్న్ స్కోరు 43-41 ఏంటి, నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి మరీ రెండు పాయింట్ల తేడానా?

కాటీ బాబాయ్:
చెప్తా. మొదటి రెండు ఓవర్‌టైమ్‌లలో ఒక్కో టీమ్‌కి 25 యార్డుల దగ్గర నుంచి ఒక్కో ఛాన్స్ (డ్రైవ్). రెండో దాంట్లో టచ్‌డౌన్ కొడితే అదనపు పాయింట్ కోసం కిక్ కొట్టనివ్వరు, బంతిని మళ్లీ గోల్‌లైన్ దాటించే రెండు పాయింట్ల ప్రయత్నమే చేయాలి. మూడో దాని నుంచి ఇక డ్రైవ్‌లు ఉండవు, మూడు యార్డుల నుంచి చెరొక ఆట, రెండు పాయింట్లు వస్తే వచ్చాయి లేకపోతే లేదు. నాలుగో దాంట్లో ఆబర్న్ చేసింది. మనవాడికి ఎండ్‌జోన్‌లో (గోల్‌లైన్ అవతల) చుట్టూ ఎవరూ లేరు, పాస్ సరిగ్గా చేతుల్లోకొచ్చింది, జారిపోయింది. ఆ కుర్రాణ్ణి ఆన్‌లైన్‌లో తిట్టినవాళ్లని చూసి నాకు చాలా కోపమొచ్చింది. 21-0తో వెనకబడ్డ మ్యాచ్‌ని అక్కడిదాకా లాక్కొచ్చిన టీమ్ అది, అందులో అతనూ ఉన్నాడు.

గోదారిగట్టు:
థాంక్స్ బాబాయ్, థాంక్స్ అండీ. నిన్న రాత్రి కూర్చుని సౌత్ కరోలినా మ్యాచ్ రెండో సగం మళ్లీ చూశా, మాస్ లేకుండా మొదటి డౌన్ పరుగులు ఒక్కొక్కటీ ఎక్కడ ఆగిపోతున్నాయో ఆపి ఆపి చూశా. మీరన్నది నిజం, నేను అనవసరంగా రీడ్ మీద పడ్డా. ఫ్రిస్కో అన్న చెప్పినదీ కనిపించింది, ఆఖరి క్వార్టర్‌కి మన డిఫెన్స్ వాళ్లు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఊపిరి తీసుకుంటున్నారు, వాళ్లని మార్చడానికి మనిషి లేడు.

టెక్సాస్ మ్యాచ్‌కి నేను స్టేడియంలోనే ఉన్నాను. 1922లో గాయాలతో ఆటగాళ్లు తగ్గిపోతుంటే కింగ్ గిల్ అనే స్టూడెంట్ గ్యాలరీలోంచి దిగొచ్చి, యూనిఫాం వేసుకుని, అవసరమైతే దిగుదామని చివరిదాకా పక్కనే నిలబడ్డాడట, మేమంతా కూర్చోకపోవడానికి కారణం అదే. ఆ నాలుగో డౌన్ ముందు ఎంత అరిచామంటే పక్కవాడి మాట వినపడలేదు. బంతి గీత దాటలేదని తెలిశాక ఒక్కసారిగా ఎవరి నోటా మాట లేదు. నా పక్కన ఒక ముసలాయన, మెరూన్ టోపీ, తల దించుకుని కళ్లు మూసుకున్నాడు. అయినా కూర్చోలేదు.

వీగ్‌మన్ హ్యూస్టన్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, 2025 ఆగస్టులో రీడే స్టార్టర్. మాస్ మోకాలు ఆ లోపు కుదురుకుంటే చాలు. బాబాయ్, ఈసారి మీరు మా యూనివర్సిటీ ఊరు కాలేజ్ స్టేషన్ వస్తానంటే గెస్ట్ పాస్ నేను తీస్తాను.