అప్‌డేట్: ఫ్లోరోసిస్ డేటాలో ఎగిరిపోయిన ఆ గుణకం సంగతి

బోరునీళ్లకీ ఫ్లోరోసిస్‌కీ (నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్ల మీద మచ్చలు రావడం) సంబంధం లెక్కగడితే గుణకం ఎందుకింత పెద్దగా వస్తోందని పోయిన నెల ఇక్కడ అడిగింది నేనే. నల్గొండ జిల్లా మర్రిగూడ వైపు ఊళ్లలో 62 మంది బడిపిల్లల పళ్లు చూసి, డీన్ సూచీ (పళ్ల మచ్చల తీవ్రతను కొలిచే గ్రేడ్ల పట్టిక) ప్రకారం మచ్చ లేనిదాని నుంచి తీవ్రం దాకా గ్రేడ్లు వేశాం. ఆర్డినల్ లాజిస్టిక్ (వరసగా ఉండే గ్రేడ్లకు వాడే మోడల్) నడిపితే బోరునీళ్ల గుణకం, అంటే గ్రేడు మీద వాటి ప్రభావం ఎంతో చెప్పే అంకె, 19 వచ్చింది, స్టాండర్డ్ ఎర్రర్ (ఆ అంకెలో అనిశ్చితి) వేలల్లో. కోడ్ తప్పేమోనని రెండు రాత్రులు టెన్షన్.

కోడ్ తప్పు కాదు. మీరు చెప్పినట్టే టేబుల్ వేసి చూశాను. మిషన్ భగీరథ కుళాయి నీళ్లే తాగిన తొమ్మిది మందిలో ఒక్కరికీ మచ్చ లేదు. అంటే వాళ్ల వరసలో మచ్చ ఉన్న గ్రేడ్ల గడులన్నీ సున్నా. అందుకే గరిష్ఠ సంభావ్యత అంచనా (ఉన్న డేటాకి అన్నిటికన్నా బాగా సరిపోయే గుణకం) అనంతం వైపు పరుగెత్తింది, 19 అనేది సాఫ్ట్‌వేర్ అలసిపోయి ఆగిన చోటు, అంతే.

అన్నిటికన్నా తీవ్రమైన రెండు గ్రేడ్లు కలిపెయ్యమని మా సార్ అన్నారు. కలిపాను, ఏం మారలేదు. చిక్కు అట్టడుగున, మచ్చ లేని గ్రేడు దగ్గరుంటే పైన కలిపి లాభమేంటి! సున్నాలు పోవడానికి ప్రతి గడికీ అర (0.5) చేర్చడం కూడా నాకు నచ్చలేదు, అది లేని పిల్లల్ని పుట్టించినట్టే.

చివరికి గణాంకవేత్త ఫర్త్ 1993లో చెప్పిన స్కోర్ సవరణను (అంచనాలో పక్షపాతం తగ్గించడానికి సమీకరణంలో చేసే చిన్న దిద్దుబాటు) ఇలాంటి క్రమ మోడళ్లకు విస్తరించిన కాస్మిడిస్ పద్ధతి (2014) వాడాను. గుణకం 4 దగ్గర, ఎర్రర్ ఒకటిన్నర దగ్గర నిలబడ్డాయి. సార్ ఒప్పుకున్నారు. సమాన ఆడ్స్ పరీక్ష (బోరునీళ్ల ప్రభావం అన్ని గ్రేడ్ల దగ్గరా ఒకేలా ఉందా అని చూసేది) ఇంకా చెయ్యాలి.