ప్రైవేటు బడుల్లో టీచర్ల మీద వేధింపులు, ఒత్తిడి: బాధ్యత యాజమాన్యానిదేనా?

తెలుగు టీచర్: ఎండాకాలం వచ్చిందంటే మాకు అడ్మిషన్ల టార్గెట్. పాంప్లెట్లు పట్టుకుని మిట్టమధ్యాహ్నం ఇల్లిల్లూ తిరగాలి. తేలేకపోతే మీటింగులో అందరి ముందూ నిలబెడతారు, మే జీతం ఆపుతారు. మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో ఉంటాయి. ఈ టెన్షన్‌కి యాజమాన్యం జవాబు చెప్పక్కర్లేదా?

చిన్న స్కూల్ కరస్పాండెంట్: సగం ఫీజులు బకాయిలే. పిల్లలు చేరకపోతే జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలి? ఒత్తిడి లేని ఉద్యోగం ఎక్కడుంది? ప్రిన్సిపాల్ కాస్త గట్టిగా మాట్లాడితే దాన్ని వేధింపు అంటే ఎలా?

లెక్కల మాస్టారు: కరస్పాండెంట్ గారూ, గట్టిగా మాట్లాడటం వేరు, పిల్లల ముందు తిట్టడం వేరు. నేను పనిచేసిన చోట ఒక మేడమ్ తొమ్మిదో తరగతికి పాఠం చెబుతుండగా ప్రిన్సిపాల్ లోపలికొచ్చి, నోట్సుల కట్ట బల్ల మీద పడేసి, దిద్దడం కూడా రాదా అని అరిచాడు. మర్నాటి నుంచి పిల్లలు ఆమె మాట లెక్కచేయలేదు, క్లాస్ కంట్రోల్ లేదంటూ మెమో మళ్లీ ఆమెకే ఇచ్చారు. దీన్ని ఆపడానికి మీకు రూపాయి ఖర్చు లేదు. ఫీజు బకాయిలకీ దీనికీ ఏం సంబంధం?

పోనీ ఎక్కడికెళ్లి చెప్పుకోవాలి? అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు కార్మికులు కారని 1988లో సుందరాంబాళ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది, లేబర్ కోర్టు దారి అప్పుడే మూసుకుపోయింది. టీచర్లకు గ్రాట్యుటీ ఇవ్వాలని 2009లో పార్లమెంటు చట్టం సవరిస్తే దాని మీద కూడా ప్రైవేటు స్కూళ్లు కోర్టుకెక్కాయి, 2022లో గానీ మన పక్షాన తేలలేదు. 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి సిబ్బంది ఉన్నచోట అంతర్గత కమిటీ ఉండాలి, కానీ అది లైంగిక వేధింపుల వరకే. రోజూ పడే ఈ మాటలకి ఏ కమిటీ లేదు. గుర్తింపు రెన్యువల్‌కి ఫైర్ ఎన్‌ఓసీ అడుగుతున్నారు కదా, ఫిర్యాదుల కమిటీ ఉందా, అందులో టీచర్లు ఎన్నుకున్నవాళ్లు ఉన్నారా అని కూడా అడగాలి. టార్గెట్ పెట్టింది యాజమాన్యం, మెమో ఇచ్చింది యాజమాన్యం, అలాంటప్పుడు బాధ్యత ఇంకెవరిది?

సైన్స్ మేడమ్: కమిటీ పెడితే సరిపోదండీ. మా స్కూల్లో అంతర్గత కమిటీ అధ్యక్షురాలు కరస్పాండెంట్ గారి భార్యే, ప్రిన్సిపాల్ కూడా ఆవిడే. ఆవిడ మీద ఫిర్యాదు ఆవిడకే ఇవ్వాలా? రిటైరైన హెడ్మాస్టర్ లాంటి బయటివాళ్లు తప్పకుండా ఉండాలి. సర్టిఫికెట్లు మాత్రం ముందు వెనక్కివ్వాలి, అవి వాళ్ల దగ్గరున్నంత కాలం ఏ కమిటీ ముందూ ఎవరూ నోరు విప్పరు.